సద్దు లేని షెడ్డు

హలో… ఆ, నేనే రా. అక్కనే. చెప్పు ఓబిలేశా.

…లేదు, నిద్రపోలేదు. ఇంత పొద్దెక్కినాక యాడ నిద్ర. గొంతు అట్లుండాది అంతే. … ఏమీ లేదు లే. నువ్వు చెప్పు. మండీ చేరినావా?

…ఊ.

…మూటలన్నీ దిగినాయా. మంచిది.

…ఒక్క నిమిషం ఉండు రా— మాబీ, ఆ మూల అరలో ఒక్కటన్నా కదులుతాందేమో చూడు. … లేదా. కింద దాంట్లో? … సరే, ఉండనీ. చేత్తో ముట్టుకోవద్దు, ఆ పచ్చనీళ్ళు అంటుకుంటాయి. మళ్ళా నువ్వు నీ షెడ్డుకు పోవాల కదా— ఆ, ఓబిలేశా. ఉండా, చెప్పు.

…నీతో కాదు రా. మాబీ వచ్చింది, ఆయమ్మతో అంటాండా. ఊరికే పలకరించి పోదామని వచ్చింది. … నువ్వు కానీ. మండీ ఆయప్ప ఏమన్నాడు?

…గడ్డ విరిచి చూసినాడా.

…ఊ.

…లోపల పురుగు లేదు, పైన మచ్చ లేదు అన్నాడా. ఆ మాట నలుగురిలో అన్నాడా? … మంచి మాటే కదప్పా.

నవ్వుతాండావు కదరా. వినపడతాంది. … నవ్వు, నవ్వు. నేనేం అనలేదు. నీ నవ్వు విని కూడా శానా కాలమయింది.

…సంతోషమే రా. … సంతోషమే అంటాండా కదా. ఈ వయసులో ఎగిరి గంతెయ్యమంటావా ఏమి.

…అవును. మన నేలలో ఆ గడ్డ రాదని అందరూ అనిరి. నాయన గూడా అనె. గాజరగడ్డంటే, అదే నీ క్యారెట్, చల్లని సీమలో పండేది, ఈ ఎర్ర గరుసులో యాడొస్తాది, ఒక్కోదానికి మూడు కాళ్ళు మొలుస్తాయి అనె. … ఆ, రాళ్ళు ఏరితిరి. ఎండలో నువ్వూ నీ పెండ్లాం అశ్వినీ వంగి రాళ్ళేరతాంటే, ఇదేం పిచ్చిరా స్వామీ అనుకుంటి నేను. … ఇసకలో విత్తనం కలిపి సాళ్ళలో పోసింది నేనే కదా, మర్చిపోతానా. మొలక వచ్చేదాకా తడి గోనెపట్టలు కప్పి పెడితిమి. వాటికి నీళ్ళు చల్లీ చల్లీ నా చేతులు నానిపోయె. ఒక పొద్దు నువ్వింకా రాలేదు, మొలక గోనెకు చుట్టుకుంటే తెగిపోతాదని నేనే అన్నీ లాగేస్తి. … ఊ. తెల్లగా ఉండె. సూదుల మాదిరి. మాపటికి పచ్చబడె.

…బంతి సాళ్ళ సంగతి గూడా చెప్పినావా ఆయప్పకి. వేర్లకు ముడులు కట్టే పురుగు బంతి ఉంటే తగ్గుతాదని. … చెప్పు, చెప్పు. అది మంచిదే. దాంతో ఎవరికీ ఏమీ కాదు.

…ఏమీ లేదు. ఊరికే అంటి.

…బావనా? వెనక గుంత తవ్వుతాండాడు. … ఏదో గుంత లే. ఇంటికాడ ఏదో ఒక పని ఉంటానే ఉంటాది. … చెప్తా. నువ్వు ఫోన్ చేసినావని చెప్తా.

…పట్టుపురుగులా.

…

ఉండాయి.

…ఆ, పెద్ద మేత మీద. నాలుగో జ్వరానికి పండుకుని పొర విడిచి లేచినాక ఎంత ఆకు వేసినా చాలకుండె. ఇంగ గూళ్ళు కట్టేదే కదా అని చంద్రిక తట్టలన్నీ కడిగి ఎండకు పెడ్తి. ఈడనే గోడకు ఆనుకోనుండాయి. … ఊ. బాగా ఎండినాయి.

…ఏమి?

…సద్దు లేదా.

…బయట ఉండా రా. షెడ్డు బయట. దానికే నీకు వినపడలేదు. … అవును, ఎప్పుడు ఫోన్ చేసినా, అక్కా మీకాడ వాన పడతాందా అని ఎగతాళి చేస్తావు కదా. పెద్ద మేత మీదుంటే ఆకు కొరికే సద్దు అంతే. రేకుల మీద వాన పడినట్ల ఉంటాది. మన పక్క నిజం వాన అంతసేపు ఎప్పుడు పడె లే. … ఊ. బయటనే ఉండా.

…నాయనా? ఆడనే, షెడ్డు గడప ముందర బండ మీద. ఎప్పుడూ కూచునేకాడనే. సద్దు వినుకుంటా కూచుంటాడు కదా. … లేదు, ఏమీ అడగలేదు. పొద్దున్నుంచి ఏమీ అడగలేదు. నోట్లో ఆకు పెట్టుకుని నమలతాండాడు.

…తింటి రా. ఏదో ఒకటి తింటి. నువ్వు తినినావా? … చిత్రాన్నమా. తిను. బండెక్కే ముందు టీ గూడా తాగు. ఖాళీ కడుపుతో రావొద్దు.

…బయ్యన్నా? ఏ బయ్యన్న? … ఆ, మన బయ్యన్న. వానికేం కావాలంట?

…

…ఎప్పుడు వస్తాడంట? … ఈ మాపే.

…

…వినపడింది రా. డ్రమ్ములో మిగిలిన కషాయం వానికి ఇచ్చి పంపాల. … వంకాయకు పేనుబంక పట్టిందా. ఊ. వాని చేను యాడుండాది? … తెలుసురా, తెలిసే అడుగుతాండా. మాబీ మల్బరీ తోటను ఆనుకోనే కదా. నడుమ ఒక గట్టే.

— ఉండు మాబీ. … చెప్తా. చెప్తా అంటి కదా. నన్ను రవంత ఊపిరి పీల్చుకోనీ—

…ఏమీ లేదు, మాబీతోనే. … ఓబిలేశా, ఆ కషాయం బయ్యన్నకి ఇయ్యొద్దు.

…ఎందుకంటే ఏం చెప్పేది. ఇయ్యొద్దు అంతే. … ఒలికిపోయింది అనుకో. … లేదు, ఒలకలేదు. డ్రమ్ము ఉండేకాడనే ఉండాది, మూత మీద రాయి పెట్టినా. కానీ ఇయ్యను.

…తెలుసు. వాడు పదిమందికి చెప్తాడు, నీకు పేరొస్తాది. … ఏమంటివి? నువ్వు బాగుపడితే నాకు కడుపుమంటా? … సరే లే, నోరు జారినావు. నేనేం అనుకోను. ఈ పొద్దు నువ్వేమన్నా నాకు తగిలేటట్ల లేదు.

…కోపం కాదు రా. కోపం యాడుండాది నాకు. కోపమంతా పోయినేడే అయిపోయె.

…ఎందుకు తీస్తాండానంటే తీస్తాండా, విను. పోయినేడు నువ్వు టమోటాకి అంగడి మందు కొడితివి. గాలికి నా మల్బరీ తోట మీద పడె. ఆ ఆకు తిని నా పురుగులు పోయె. అప్పుడుండె కోపం. నీ గట్టు మీద నిలబడి దుమ్మెత్తి పోస్తి. నిన్నంటి, అశ్వినినంటి, నోటికేమొస్తే అదంటి. ఊరి పెద్ద బసప్ప ఇద్దరినీ పిలిపించి కూచోబెట్టి, ఏమ్మా వెంకటలక్ష్మమ్మా, తోడబుట్టినోడు కదా అనె. నేను ఎవరికీ తోడబుట్టలేదు అంటి. నువ్వు, నా చేను నా ఇష్టం అంటివి. అమ్మ తిథికి ఒకే ఇంట్లో ఆ వరసలో నువ్వు, ఈ వరసలో నేను. సంగటి గొంతు దిగలేదు ఇద్దరికీ. నువ్వు చూల్లేదు అనుకుంటివి గానీ, నేను చూస్తి.

…ఊ. ఊ. అప్పుడు నువ్వే వస్తివి. విత్తనం పొట్లం చేతిలో పట్టుకుని ఈ గడప ముందర నిలబడితివి. అక్కా, క్యారెట్ వేస్తా, ఇంగ అంగడి మందు ముట్టను, నీ పురుగుల మీద ఒట్టు అంటివి. పిల్లల మీద ఒట్టేసేవాళ్ళని చూసినా, దేవుని మీద వేసేవాళ్ళని చూసినా, పురుగుల మీద వేసేవాడిని నేను యాడా చూల్లేదు. నవ్వొచ్చె నాకు. ఆ నవ్వుతోనే మన మాట కలిసె.

…లేదు రా. ఒట్టు తప్పినావు అనడం లేదు. నువ్వు తప్పలేదు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు. ఆకు మీద పచ్చపురుగు పడినా, చిగురుకు పేనుబంక పట్టినా నువ్వు అంగడి గడప ఎక్కలేదు. అశ్విని తిట్టినా ఎక్కలేదు. చేత్తో ఏరితివి, నీళ్ళు కొట్టితివి. ఆఖరికి రైతుల మీటింగులో చెప్పిన కషాయం చేస్తానంటివి.

…అదే అడుగుతా. చెప్పు. ఆ పొద్దు మా పెరట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు కాచే పెద్ద గుండు పెడితిమి కదా. దాంట్లో ఏమేమి వేస్తిమి?

…నాకు తెలుసు. నీ నోటితో చెప్పు.

…ఊ, ఆవు ఉచ్చ. మా ఆవుదే. … వేపాకు. … మిరపకాయలు. ఆ ఘాటుకి వీధంతా దగ్గె. … తెల్లగడ్డ, అది దంచింది నేనే.

…ఇంగ?

…ఇంగొకటి ఉండాది రా. గుర్తు తెచ్చుకో. అంగడికి పోవాల్సిన పని లేకుండా ఇంట్లోనే దొరికె కదా అని నువ్వే అంటివి.

…

…ఊ. అదే. ఎవరిచ్చిరి?

…నాయన.

…ఓబిలేశా, నాయనను నేను షెడ్డులోకి ఎందుకు రానియ్యను?

…

…ఓబిలేశా.

…వినపడతాందా? … ఓబిలేశా.

…ఆ. అదే రా.

…

…ఆ పొగాకే. నోట్లో ఆకు పెట్టుకున్నోళ్ళు గడప దాటితేనే పురుగు తల వాలుస్తాది. చేతులు కడుక్కున్నా పోదు ఆ వాసన. షెడ్డు కట్టిన పొద్దే నాయనకు చెప్తి. నువ్వు ఆకు మానేదాకా లోపలికి రావద్దు అని. ఆయన ఒకసారి మాని చూసె, నాలుగు దినాలు మంచం పట్టె. అప్పటి నుంచి బండ మీదనే. ఒక్కసారన్నా కాలు లోపల పెట్టలేదు. … అంత తెలిసినదాన్ని, అదే ఆకు గుండులో ఉడకతాంటే పక్కన నిలబడి కట్టె పెట్టి తిప్పితి. నాకు తట్టలేదు. ఆవు ఉచ్చలో ఉడికి కషాయం అయిపోయె కదా, దాన్ని నేను పొగాకు అనుకోలేదు. మందు వేరే, కషాయం వేరే అనుకుంటి. అన్నీ తెలిసినమ్మ అమాస నాడు చచ్చిందంట. అట్లయింది నా కత.

…చెప్తా. అన్నీ చెప్తా. మొన్న మాపు నువ్వు వెనక మళ్ళకు కొట్టినావు కదా. గాలి పడమట నుంచి ఉండె. … నువ్వు చెప్పే కొట్టితివి రా. అక్కా కొడతాండా అని గట్టు మీద నుంచి కేకేస్తివి. నేను కొట్టుకో అంటి. పోయినేడు పురుగులు పోయినాక గట్టు పక్క రెండు సాళ్ళు ఆకు వదిలేసి కోసుకుంటాంటి. ఈసారి అదీ వదల్లేదు. కషాయమే కదా అని నిన్న పొద్దున ముందు ఆ సాళ్ళే కోస్తి. లేత ఆకు. నేనే కోస్తి, నేనే వేస్తి.

…పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మేత నిలిపినాయి. నువ్వు అప్పుడు మూటలు కుడతాంటివి. మాపు నువ్వు బండికి ఎత్తుతాంటే నేను వచ్చి నిలబడితి కదా. … ఆ, అప్పటికే అనుమానం ఉండె నాకు. చెప్పలేదు. అశ్విని బండికి పసుపు పెడతాండె. నువ్వు తలకు తువ్వాలు చుట్టుకుని ముందర సీట్లో కూచుంటివి. ఎట్ల చెప్పేది.

…రాత్రి తల పైకెత్తినాయి. అన్నీ ఒకే తీరుగా తల పైకెత్తి, నోట్లో నుంచి పచ్చనీళ్ళు కక్కుకుంటా ఉండె. తెల్లారేసరికి…

…అన్నీ రా.

…లేదు. ఒక్కటీ లేదు. మాబీ ఇప్పుడే అన్ని అరలూ చూసె. బయట లేను నేను. లోపలనే ఉండా. సద్దు లేదు అంటివి కదా, దానికే లేదు. … బావ గుంత తవ్వేది దీనికే. లోతుగా తవ్వి సున్నం చల్లి పూడ్చాల.

…

ఓబిలేశా, ఏడుస్తాండావా? మండీలో అందరూ చూస్తాంటారు. రవంత పక్కకి పో.

…పోయినావా. సరే.

…నాకా. నాకు రాలేదు రా ఏడుపు. వస్తాదేమో అని పొద్దున్నుంచి చూస్తాండా. తేలు కుట్టిన చెయ్యి మొద్దుబారతాది చూడు, అట్లుండాది. మాబీ వచ్చి నీళ్ళిచ్చె. చెంబు ఈడనే ఉండాది. తాగాలని గుర్తుకు రాలేదు.

…తిట్టమంటావా. … రాదు రా. పోయినేడే అన్నీ తిట్టేస్తి, నా దగ్గర ఇంగేమీ మిగల్లేదు. … అట్ల అనొద్దు. నా పురుగులు బతకాలని కదా నువ్వు ఆ గుండు పెట్టింది. అంగడి మందు కొట్టింటే నేను ఆ ఆకు వేసేదాన్నే కాదు. … అవును. నువ్వు మంచికే చేసినావు, నేనూ మంచికే తిప్పినా. ఇంగ ఎవరిని గట్టు మీద నిలబెట్టి తిట్టేది.

…వద్దు. అట్లాంటి పని చెయ్యొద్దు. … వద్దంటాండా కదా. ఆ గడ్డలు ఏం చేసినాయని పీకి పారేస్తావు. అవి నేను పోసిన విత్తనాలు గూడా. వెనక మళ్ళలో గడ్డ తల పైకి వచ్చుండాది, నిన్న పోయేటప్పుడే చూస్తి. ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతాది. మట్టి ఎగదొయ్యాల. నువ్వొచ్చేసరికి పొద్దు పోతాది, మాపు నేను పోయి తోస్తా.

…ఈడ కూచుని మాత్రం ఏం చేసేది చెప్పు. ఆకు కోసే పని లేదు, మేత వేసే పని లేదు. చేతులు ఊరికే ఉంటే ఏదో మాదిరి ఉండాది.

…ఇప్పుడు నా మాట విను. బయ్యన్నకు నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెప్తే నమ్మడు, అక్కా తమ్ముడు మళ్ళా కొట్లాడుకున్యారు, తమ్ముడికి పేరొస్తాదని ఓర్వలేక దాచిపెట్టె అనుకుంటాడు. నువ్వు చెప్తే నమ్ముతాడు. పొగాకు వేసింది మల్బరీ తోటలకాడ కొట్టొద్దు అని చెప్పు. వేపది గూడా వద్దంట, మాబీ అంటాంది. … ఆ, పురుగును చంపేది ఏదయినా ఇదీ పురుగే కదా అంటాంది. నిజమే. … మండీలో ఎవరికన్నా చెప్పింటే వాళ్ళకూ చెప్పు. తోటలు లేని సీమవాళ్ళయితే పరవాలేదు. … సిగ్గేముండాది రా దీంట్లో. నీ సిగ్గు కోసమని మాబీ షెడ్డు పోగొట్టేదా? ఆయమ్మ పురుగులు రేపోమాపో నాలుగో జ్వరం లేస్తాయి.

— చెప్తాడు మాబీ. ఇప్పుడే చేస్తాడంట. … నువ్వు పో ఇంగ. ఇంటికి పోయి తలకు నీళ్ళు పోసుకో, ఆ చీర విప్పి పారేసి అప్పుడు నీ షెడ్డు తలుపు తియ్యి. … సరే. పో—

…మాబీ పోయింది. పాపం తెల్లారకముందే వచ్చి నిలబడింది నాతో.

…అశ్వినికి చెప్పలేదు. నువ్వే చెప్పు వచ్చినాక. రెండు ఇండ్లకీ మళ్ళా గోడ లేస్తాదని భయపడతాది. గోడ లేదని చెప్పు. అక్క అనింది అని చెప్పు.

…ఊ. ఉంటాది లే. ఇంకో పంట ఉంటాది. తోటను కత్తిరించి చిగురు రానిస్తే ఉంటాది. ఇప్పుడు దాని మాట వద్దు.

…ఓబిలేశా, ఇంగొకటి. ఇది గట్టిగా చెప్తాండా. నాయనకు చెప్పొద్దు.

…పురుగులు పోయినాయని తెలుస్తాది, అది దాచితే దాగేది కాదు. పొగాకు సంగతి. అది చెప్పొద్దు. … ఆ పొద్దు ఎంత సంబరపడె, గుర్తుండాదా. అంత మందికి పనికిరాని పొగాకు ఈ పొద్దు నా కొడుక్కి, నా కూతురికి ఇద్దరికీ పనికొచ్చె అని, మూట విప్పి మంచి ఆకులన్నీ ఏరి ఇచ్చె. తనకు కాడలు మిగుల్చుకునె. ఊర్లో అందరికీ చెప్పుకునె. ఆ ముసలాయనకు ఈ మాట ఎట్ల చెప్పేది. జబ్బొచ్చింది అంటా. ఎండ దెబ్బ అంటా. బావకు గూడా నోరెత్తొద్దని చెప్పినా, మాబీకీ చెప్పినా.

…ఒట్టేమీ వద్దు. ఊ అను, చాలు.

…ఊ.

…

…ఉండు. మాట్లాడొద్దు.

…నాయన లేచినాడు.

…లేదు, వెనక్కి పోలేదు. గడప కాడ నిలబడినాడు. చెయ్యి తలుపు మీద పెట్టినాడు.

…

…వచ్చినాడు రా. లోపలికి వచ్చినాడు.

…ఆ, నోట్లో ఉండాది. బుగ్గ ఉబ్బినట్లుండాది, కనపడతానే ఉండాది.

…వద్దనలేదు. ఏమని అంటా ఇంగ.

…లేదు, ఆయనకు చూపు ఆనదు కదా. అరను పట్టుకుని తడుముకుంటా వస్తాండాడు. … ఒకదాన్ని తీసినాడు. అరచేతిలో పెట్టుకున్యాడు. … వేలితో మెల్లగా నిమురుతాండాడు. షెడ్డు కట్టినప్పటి నుంచి ఒక్క పురుగును చూసింది లేదు రా ఆయన. బండ మీద కూచుని వినిందే.

…ఏదో అంటాండాడు. ఉండు.

— ఏం నాయనా?

…

…ఇంత పెద్దగుంటాయా అమ్మీ, అంటాండాడు.

…జ్వరానికి పండుకున్యాయా, దానికేనా సద్దు లేదు, అంటాండాడు.

…ఏడవొద్దు రా, ఫోన్లో నుంచి ఆయనకు వినపడతాది. … పెడతా. మాపు నీ మళ్ళకాడ ఉంటా, ఆడికే రా.

— ఆ, నాయనా. పండుకున్యాయి. ఇట్ల రా, ఈ అర గూడా చూద్దువు. ఇంత పెద్దగనే ఉంటాయి.